రెండు ఖానాల బాకీ

మా తమ్ముడికి నాన్నగారు ఒక గ్లాసు రోజ్ మిల్క్ బాకీ. ముప్పై ఏడేళ్ళ బాకీ. వడ్డీతో లెక్కేస్తే కోటగుమ్మంలో ఆ కొట్టే తన పేర రాసివ్వాల్సొస్తుందని వాడంటాడు. ఆ బాకీ కథ చెప్పాలంటే ముందు మా ఆదివారాల సంగతి చెప్పాలి.

మాది రాజమండ్రి. 2015లో మళ్ళీ రాజమహేంద్రవరం అని కాగితాల మీదికి ఎక్కించారు గానీ, కండక్టరు ఆ పేరు మొత్తం పలికేలోపు బస్సు మోరంపూడి దాటేస్తుంది. ఇన్నీసుపేటలో రెండు గదుల అద్దె ఇల్లు. నాన్నగారు మెయిన్ రోడ్డులో ఒక బట్టల కొట్లో గుమస్తా. వారంలో ఆరు రోజులు తానులు విప్పడం, కొలవడం, చింపడం, మళ్ళీ చుట్టడం. ఆదివారం కొట్టు మూత. ఆ రోజు ఇంట్లో కూర్చుంటే అమ్మ బియ్యం డబ్బా దించమనో, బూజు దులపమనో అంటుందని భయం కాబోలు, సాయంత్రం నాలుగు కొట్టేసరికి చొక్కా తొడిగేసుకుని గుమ్మంలో నిలబడి, "చూసొద్దాం పదండి" అనేవారు.

ఏం చూడాలో ముందే చెప్పడం ఉండేది కాదు. కొనుక్కొద్దాం, తినొద్దాం అన్న మాటలు ఆయన నోట ఎప్పుడూ వినలేదు. చూసి రావడమే. చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన ఐదు రూపాయల నోటు ఒకటి ఉండేది. అది నలుగురికి ఆదివారం. నోటు విప్పకుండానే ఇంటికి వచ్చేసిన రోజులూ ఉన్నాయి. అలాంటి రోజు రాత్రి ఆయన ముఖంలో కనిపించే వెలుగు దీపావళినాడు కూడా కనిపించేది కాదని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

ఎక్కువసార్లు గట్టుకే వెళ్ళేవాళ్ళం. గోదావరి గట్టంటే బయటివాళ్ళకి మట్టికట్ట అనిపిస్తుందేమో గానీ, మాకు అది బీచీ, పార్కూ, తిరణాలా అన్నీను. ఒక పక్క గుళ్ళు, ఇంకో పక్క రేవులు, మధ్యలో జనం. మార్కండేయస్వామి గుడి దగ్గర అమ్మ ఆగేది. ఆ ఐదు నిమిషాలూ మేం మెట్లు దిగి నీళ్ళలో కాళ్ళు పెట్టేవాళ్ళం. "మోకాలు దాటకండి" అని పైనుంచి నాన్నగారి కేక. ఎండాకాలంలో మోకాలు దాటాలంటే అర ఫర్లాంగు నడవాలి. ఇసుక తిన్నెలు పైకి తేలి, నది నడుమ ఎవరో దోసపాదులు వేసుకునేవారు. జులై వచ్చిందంటే అదే రేవులో నాలుగో మెట్టు మీద నిలబడితే చాలు, ఎర్రటి నీళ్ళు సుడి తిరుగుతూ చీలమండలు లాగేవి.

గట్టు మీద పిడత కింద పప్పు అమ్మేవాడు ఒకాయన ఉండేవాడు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. వెడల్పాటి తట్టలో మరమరాలు, వేయించిన సెనగపప్పు, అటుకులు కలిపి పోసి, నడుమ నిప్పులున్న చిన్న మట్టి పిడత పెడతారు. దాని వేడికి పప్పు చివరిదాకా కరకరలాడుతుంది. అడగ్గానే ఆయన పిడతను పక్కకి జరిపి, దాని కింద ఉన్న వెచ్చటి పప్పునే గుప్పెడు తీసి, ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిరపకాయ, కాస్త కారం, నిమ్మకాయ అరచెక్క పిండి డబ్బాలో వేసి గరిటెతో టకటక కొట్టేవాడు. ఆ చప్పుడు వింటేనే నోట్లో నీళ్ళు ఊరేవి. పొట్లం కట్టే కాగితం పాత పరీక్ష పేపరు అయ్యేది ఒక్కోసారి. మా తమ్ముడు తినడం అయ్యాక పొట్లం విప్పి మార్కులు చూసేవాడు. "పాపం, ఎవరికో పదకొండే అక్కా" అని బాధపడేవాడు, తనకి తొమ్మిది వచ్చిన సంగతి మర్చిపోయి.

కార్తీకమాసం వస్తే గట్టు రంగే మారిపోయేది. అరటి దొప్పల్లో ఆవునెయ్యి దీపాలు పెట్టి ఆడవాళ్ళు నీళ్ళలో వదిలేవారు. అమ్మ కూడా తెల్లవారుజామున నన్ను లేపి తీసుకెళ్ళేది. చలికి పళ్ళు కొట్టుకుంటుంటే నీళ్ళు మాత్రం గోరువెచ్చగా ఉండేవి. దొప్ప వదిలి రెండు చేతులతో నీళ్ళని చిన్నగా ముందుకు తోస్తే గానీ అది కదిలేది కాదు. పక్కావిడ దొప్ప మన దొప్పని దాటిపోతే లోపల ఎక్కడో చిన్న కుళ్ళు. భక్తిలో పోటీ ఏమిటని ఎవరైనా అనొచ్చు. పదేళ్ళ పిల్లకి అన్నిట్లోనూ పోటీయే.

గట్టు నుంచి తిరిగొచ్చేటప్పుడు, నెలకోసారి, నాన్నగారి మనసు బాగుంటే, కోటగుమ్మం దగ్గర రోజ్ మిల్క్. రాజమండ్రి రోజ్ మిల్క్ ఇప్పుడు యూట్యూబుల్లో ఎక్కి హైదరాబాదులో కూడా బోర్డులు పెట్టుకుంటున్నారు గానీ, అప్పట్లో మాకు అది ఒక ఇరుకు కొట్టు, ఒక బల్ల, కాళ్ళ కింద తడి నేల. చల్లటి పాలు, గులాబీ రంగు, పైన తేలే మీగడ తరకలు. గ్లాసు బయట చెమట పట్టినట్టు నీటి చుక్కలు. పిల్లలిద్దరికీ కలిపి ఒకే గ్లాసు. అదీ చట్టం. నాన్నగారు గ్లాసును కళ్ళకెదురుగా ఎత్తి పట్టుకుని, బట్ట కొలిచే గుమస్తా కదా, సరిగ్గా సగం దగ్గర చూపుడువేలు ఆనించి ఆ చెమట మీద ఒక గీత గీసేవారు. గీత దాకా నాది, గీత కింద తమ్ముడిది. పెద్దదాన్ని కాబట్టి ముందు నేను తాగాలి. మీగడంతా పైనే ఉంటుంది కాబట్టి వాడికి కోపం. గీత చెరిగిపోయేలోపు తాగాలి కాబట్టి నాకు కంగారు. మా అమ్మానాన్నలు తాగేవారు కాదు. అమ్మకి పంటినొప్పి, నాన్నగారికి జలుబు. ప్రతిసారీ ఆ రెండూ సరిగ్గా ఆ కొట్టు ముందే ఎలా వచ్చేవో నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తట్టలేదు.

గ్లాసు మొత్తం ఒక్కరే తాగడానికి ఒకటే దారి ఉండేది. అదే పందెం.

గట్టు మీద నుంచుంటే పాత రైలు వంతెన కనిపిస్తుంది. హేవలాక్ వంతెన. 1897లో మొదలుపెట్టి 1900 ఆగస్టులో రైళ్ళు వదిలారు. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవలాక్ పేరు పెట్టారు. అది లేనప్పుడు ఈ ఒడ్డు నుంచి కొవ్వూరు ఒడ్డుకి పడవలే దిక్కు. రాతి స్తంభాలు, వాటి మీద ఇనుప దూలాలు. స్తంభానికీ స్తంభానికీ మధ్య సందుని మేం ఖానా అనేవాళ్ళం. ఆ వంతెనకి ఎన్ని ఖానాలో గట్టు మీద నుంచి లెక్కపెట్టి సరిగ్గా చెప్పినవాళ్ళకి గ్లాసుడు రోజ్ మిల్క్, గీత లేకుండా.

ఆ లెక్క ఎవరూ తేల్చలేరు. మొదటి ఇరవై బాగానే వస్తాయి. ముప్పై దాటాక అవి ఒకదాని పక్కన ఒకటి దగ్గరైపోయి దువ్వెన పళ్ళలా కనిపిస్తాయి. ఈలోగా ఏ గూడ్సు బండో వంతెన ఎక్కుతుంది. ఖానాలు వదిలేసి పెట్టెలు లెక్కపెట్టడం మొదలవుతుంది. నాకు ఒకసారి 49, ఒకసారి 61 వచ్చాయి. తమ్ముడు ఓసారి వంద అన్నాడు. నాన్నగారు నవ్వి ఊరుకునేవారు. ఆయన లెక్క 54. పెళ్ళికి ముందు ఒక్కరే గట్టు మీద కూర్చుని మూడుసార్లు లెక్కపెట్టారట. "మూడుసార్లూ యాభై నాలుగే. కొలతలో నాకు పొరపాటు రాదు" అనేవారు. కొట్లో ఏ సాయంత్రమూ తానుల లెక్కలో గజం తేడా రాని మనిషి. ఎవరు కాదంటారు?

ఇక 1986 ఆగస్టు. నాకు పదేళ్ళు. బడికి సెలవిచ్చారు. వర్షం మా ఊళ్ళో పెద్దగా లేదు, పైన ఎక్కడో. మామూలు రోజుల్లో నాన్నగారు పేపరు చదివేటప్పుడు ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఎంతో పైకి చదివేవారు. మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. మా ఊరి పిల్లలకి ఎక్కాలతో పాటు ఈ మూడు అంకెలూ నోటికి వచ్చు. ఆ వారం పేపరు అక్కర్లేకపోయింది. గట్టు మీదికి వెళ్తే చాలు. మెట్లు లేవు. అసలు రేవే లేదు. గోదావరి గట్టుతో సమానంగా, మామూలుగా మేం కిందికి చూసే నది మా కళ్ళెదురుగా నిలబడి పారుతోంది. ఒక గడ్డివాము చెక్కుచెదరకుండా వచ్చింది. దాని మీద కోడి. వేళ్ళతో సహా చెట్లు. ఒక తాటాకు ఇంటి కప్పు. హోరు ఎంతంటే పక్కవాళ్ళతో మాట్లాడాలన్నా చెవిలో చెప్పాలి. పోలీసులు జనాన్ని వెనక్కి తోస్తున్నారు. నాన్నగారు తమ్ముణ్ణి భుజాన ఎక్కించుకుని, నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నారంటే ఆ వేళ్ళ గుర్తులు రాత్రిదాకా ఉన్నాయి.

"క్యూసెక్కంటే ఏంటి నాన్నగారూ?" అని అడిగాను తిరిగొస్తూ. అందరూ అదే మాట అంటున్నారు. ముప్పై ఐదు లక్షల క్యూసెక్కులంటున్నారు. ఆయన రోడ్డు మీదే ఆగి చేతులతో చూపించారు. "అడుగు పొడుగు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. అలాంటి పెట్టె నిండా నీళ్ళు. సెకను గడిచేసరికి నీ ముందు నుంచి అలాంటివి ముప్పై అయిదు లక్షలు వెళ్ళిపోయాయన్నమాట." నేను ఒక సెకను కళ్ళు మూసుకుని తెరిచాను. భయం వేసింది. కోనసీమలో గట్లు తెగాయని, ఊళ్ళు మునిగాయని తర్వాత తెలిసింది. అమ్మ పుట్టిల్లు అటే. వారం రోజులు కబురు లేదు. ఆ వారం చూసొద్దాం పదండి అనలేదు నాన్నగారు.

వరద తగ్గిన చాన్నాళ్ళకి మమ్మల్ని ధవళేశ్వరం తీసుకెళ్ళారు. కోటిపల్లి బస్టాండు దగ్గర బస్సెక్కితే ఎంతోసేపు పట్టదు. ఆనకట్ట మీద నడక. 1852లో కాటన్ దొర పూర్తిచేసిన పాత ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజీ 1982కి తయారైంది. 175 గేట్లు. ఇక్కడ లెక్కకి పందెం లేదు, గేట్ల మీద నంబర్లు వేసేసి ఉంటాయి కాబట్టి. నాన్నగారు ఆ నంబర్లు చూసి "ఇదేం మజా!" అన్నారు. కాటన్ మ్యూజియం బయట పాత యంత్రాలు ఎక్కి దిగడం మాకు ఆట. లోపల అద్దాల వెనకున్న నమూనాలు అమ్మ తీరిగ్గా చూసేది. గోదావరి స్నానంలో సంకల్పం చెప్పేటప్పుడు ఇంగ్లీషు దొర పేరు తలుచుకునే పురోహితులు ఉన్నారంటే మా హైదరాబాదు స్నేహితులు నమ్మరు. మా తాతగారు స్నానం చేస్తూ చదవడం నేను చెవులారా విన్నాను.

ధవళేశ్వరం అంటే పులస కూడా. వరదనీటికి ఎదురీది సముద్రం నుంచి వచ్చే చేప. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు. మా అమ్మ పుస్తెల మీద చెయ్యి వేయనివ్వలేదు కాబట్టి మేం ఎదురింటివాళ్ళ పులుసు వాసనతోనే సరిపెట్టుకున్నాం. మర్నాటికి ఆ పులుసు ఇంకా రుచిగా ఉంటుందట. వాసన కూడా అంతే, మర్నాడు ఇంకా చంపేసేది.

ఇప్పుడు 1988కి రావాలి. నాన్నగారు కనిపెట్టిన వినోదాల్లో అన్నిటికంటే గొప్పది కొవ్వూరు ప్రయాణం. కొవ్వూరులో మాకు చుట్టాలు లేరు, పనీ లేదు. పోయేటప్పుడు గోదావరి స్టేషన్లో పాసింజరు ఎక్కి నది దాటడం, గోష్పాద రేవులో కాసేపు కూర్చోవడం, వచ్చేటప్పుడు బస్సులో రోడ్డు వంతెన మీదుగా రావడం. అంతే. 1974లో కట్టిన ఆ వంతెనకి కింద రైలు, పైన రోడ్డు. రైలు దారి సుమారు 2.8 కిలోమీటర్లు, రోడ్డు అంతకంటే పొడుగు, నాలుగు పైనే. మన బస్సు పైన పోతుండగా కింద రైలు వచ్చిందనుకోండి, సీటు కింద నుంచి ఒక వణుకు పుట్టి వెన్నులోంచి పైకి పాకుతుంది. అది వచ్చిన రోజు ప్రయాణం గిట్టుబాటు. రాకపోతే తమ్ముడు దిగాక కూడా మూతి ముడుచుకునే ఉండేవాడు.

రైల్లో వెళ్ళేటప్పుడు కిటికీలోంచి గోదారమ్మకి పైసలు వెయ్యాలి. నాన్నగారు మాకు చెరో ఐదు పైసల బిళ్ళ ఇచ్చేవారు. ఇనుప కమ్మీల సందుల్లోంచి గురి చూసి విసరాలి. కమ్మీకి తగిలి టంగుమని లోపలికే వచ్చి పడితే అది గోదావరి వద్దన్నట్టట, మళ్ళీ వెయ్యాలట. మా తమ్ముడు ఆ రెండోసారి వేసే బిళ్ళ నిక్కర్ జేబులోకి జారవిడిచేవాడు. చూసి కూడా ఎన్నడూ చెప్పలేదు నేను, ఎందుకంటే సగం నాకిచ్చేవాడు.

ఆ ఏడాది వాడికి తొమ్మిదేళ్ళు. ఓ ఆదివారం కొవ్వూరు నుంచి వస్తూ బస్సులో కిటికీ దగ్గర కూర్చుని మాట్లాడకుండా ఉన్నాడు. వాడు నోరు మూసుకుని ఉన్నాడంటే జ్వరం అయినా ఉండాలి, దొంగతనం అయినా ఉండాలి. చూస్తే ఎడమ జేబులోంచి చింతపిక్కలు తీసి కుడి జేబులో వేసుకుంటున్నాడు. రోడ్డు వంతెన మీద నుంచి హేవలాక్ వంతెన మొత్తం పొడుగునా కనిపిస్తుంది. బస్సు కదులుతోంది కాబట్టి ఒక్కో ఖానా కంటి ముందుకి వచ్చి వెనక్కి పోతుంది, గట్టు మీద నుంచి చూసినట్టు దువ్వెన పళ్ళు కావు. పది ఖానాలకి ఒక పిక్క. వంతెన దిగేసరికి ఐదు పిక్కలు, చేతి వేళ్ళు ఆరు.

"యాభై ఆరు నాన్నగారూ!"

"యాభై నాలుగు" అన్నారు నాన్నగారు, టిక్కెట్లు మడతపెట్టుకుంటూ.

వాడు పిక్కలు చూపించాడు. ఆయన చూడలేదు. "బస్సు గతుకుల్లో రెండు ఎక్కువ వేసుంటావు" అన్నారు. వాడు ఏడ్చాడు. అమ్మ "పోనీ ఇప్పించండి, పసివాడు" అంది. ఇక్కడే మా నాన్నగారి మంకుపట్టు. డబ్బు కాదు, కొలత. కొలతలో తప్పు ఒప్పుకుంటే రేపు కొట్లో గజంబద్ద ఎలా పట్టుకుంటారు? ఆ సాయంత్రం కోటగుమ్మం మీదుగా కాకుండా వేరే దారిన ఇంటికి తీసుకొచ్చారు.

సినిమాల గురించి అడుగుతారని తెలుసు. ఊర్వశి, మేనక, రంభ, అప్సర, అశోక అని సినిమా హాళ్ళు. స్వర్గంలో ఉన్నవాళ్ళంతా మా ఊళ్ళోనూ ఉన్నారు. ఏడాదికి మూడు నాలుగు సినిమాలకి మించి చూడలేదు, అవీ నేల టిక్కెట్టు. కానీ దసరాకి దేవీచౌక్ ఉండేది. తొమ్మిది రాత్రులూ హరికథలు, బుర్రకథలు, తెల్లవార్లూ పౌరాణిక నాటకాలు. చాప పట్టుకుని ఏడింటికల్లా వెళ్ళి చోటు పట్టుకోవాలి. పద్యం అందుకుని రాగం తీస్తుంటే జనం వన్స్ మోర్ అనేవారు. చనిపోయిన పాత్ర కూడా లేచి మళ్ళీ పద్యం పాడి మళ్ళీ చచ్చిపోయేది. నేను సగంలో నిద్రపోయేదాన్ని. తెల్లవారి చూస్తే ఇంట్లో ఉండేదాన్ని. మధ్యలో ఎవరు ఎత్తుకొచ్చారో చెప్పక్కర్లేదు.

దామెర్ల రామారావు చిత్రశాలకి కూడా ఒకసారి తీసుకెళ్ళారు. మా ఊరి చిత్రకారుడు, 1925లో మశూచి సోకి 28 ఏళ్ళు నిండకుండానే పోయాడు. నాన్నగారు బొమ్మల్లో ఆడవాళ్ళ చీరల మడతలు చూస్తూ నిలబడిపోయారు. "ఇది మెత్తటి నూలు. చూడు, ఎలా జారిందో" అన్నారు నాతో. బొమ్మల్ని అలా చూడొచ్చని ఏ పుస్తకంలోనూ చదవలేదు నేను. ఇప్పటికీ ఏ మ్యూజియంకి వెళ్ళినా ముందు బట్టలు చూస్తాను.

కడియం నర్సరీలు మాత్రం అమ్మ ఖాతా. అక్కడికి వెళ్తే ఐదు రూపాయల నోటు విప్పక తప్పదు. వేళ్ళకి తడి మట్టి చుట్టిన కనకాంబరం నారు, ఒక సన్నజాజి అంటు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని చంటిపిల్లని మోసినట్టు మోసేది. అద్దె ఇల్లు మారినప్పుడల్లా ఆ మొక్కలు కుండీల్లో మాతో పాటే మారేవి.

పెద్ద ఖర్చు పెట్టింది ఒకే ఒక్కసారి, 1990 వేసవిలో. పాపికొండలు. నాన్నగారు ఏడాది పాటు దాచారు. పొద్దున్నే చీకటితో లాంచీ ఎక్కాం. పట్టిసీమ దగ్గర నది మధ్య కొండ మీద వీరభద్రస్వామి గుడి కనిపించగానే అమ్మ లేచి నిలబడి దండం పెట్టింది. పోలవరం, గండి పోచమ్మ, దేవీపట్నం. ఆ తర్వాత కొండలు రెండు వైపుల నుంచీ దగ్గరికొచ్చేస్తాయి. మా ఇంటి దగ్గర అంత వెడల్పున్న గోదావరి అక్కడ ఒదిగి, నల్లగా, చప్పుడు లేకుండా ఉంటుంది. తమ్ముడు "ఇది మన గోదావరి కాదు" అన్నాడు. పేరంటపల్లిలో దిగి శివాలయం చూశాం. వెదురుతో పూలు చేసి అమ్ముతుంటే అమ్మ ఒకటి కొంది.

తిరుగు ప్రయాణంలో పొద్దు వాలుతుండగా లాంచీ ఇసుక మేట ఎక్కింది. కర్రుమని ఒక చప్పుడు, అందరం ఒకరి మీద ఒకరం పడ్డాం. సరంగు ముందుకీ వెనక్కీ ఎంత తిప్పినా ఇంజను పొగ కక్కడం తప్ప లాభం లేదు. మగవాళ్ళని దిగమన్నారు. నాన్నగారు పంచె ఎగ్గట్టి నడుం లోతు నీళ్ళలో దిగి, ఈత రాని మనిషి, అందరితో పాటు భుజం ఆనించి తోశారు. కదల్లేదు. చీకటి పడింది. లాంచీలో తిండి అయిపోయింది. అమ్మ సంచిలోంచి చేగోడీల డబ్బా తీసింది. మా ఇంటి డబ్బా నలభై మంది చేతులు మారింది. ఖాళీ డబ్బా మళ్ళీ మా దగ్గరికి వచ్చేసరికి అందులో ఎవరిదో అరిసె ముక్క, రెండు జంతికలు ఉన్నాయి. ఎవరో ట్రాన్సిస్టర్ పెట్టారు. ఆకాశం నిండా చుక్కలు. మా తమ్ముడు జీవితంలో అంత ఆనందంగా ఎప్పుడూ లేనంటాడు. రాత్రి పది దాటాక ఇంకో లాంచీ వచ్చి మోకు కట్టి లాగింది.

ఒడ్డు చేరాక నాన్నగారు సగం డబ్బు వెనక్కి అడిగారు. లాంచీ వాళ్ళు ఇవ్వలేదు సరిగదా, "నాలుగు గంటలు ఎక్కువ తిప్పాం కదండీ" అన్నారు. ఆ లాంచీ యజమాని పేరు ఎందుకులే ఇప్పుడు. నాన్నగారు మాత్రం నెలరోజులు ఆ మాట తలుచుకుని తలుచుకుని ఉడికిపోయారు. 2019లో కచ్చులూరు దగ్గర పడవ మునిగిన వార్త టీవీలో చూసినప్పుడు ఆయనే నాకు ఫోన్ చేసి, "మనం ఇసుకెక్కి బతికాం అమ్మడూ" అన్నారు. మేం చూసిన దేవీపట్నం ఇప్పుడు పోలవరం ప్రాజెక్టు నీళ్ళలో ఉంది.

తర్వాతి ఏడాది పుష్కరాలు. మా రెండు గదుల్లో ఇరవై ముగ్గురు చుట్టాలు. రాత్రి పడుకున్నవాళ్ళని దాటుకుంటూ బాత్రూముకి వెళ్ళడమే ఒక తీర్థయాత్ర. నాన్నగారికి మహదానందం, ఎందుకంటే చూసొద్దాం పదండి అంటే ఇరవై ముగ్గురు లేచేవారు.

హేవలాక్ వంతెన మీద రైళ్ళు 1997లో ఆగిపోయాయి. విల్లులా వంగిన కమానులతో కొత్త వంతెన వచ్చింది. ఇప్పుడు పోస్టరులన్నిటి మీదా అదే. పాతది పట్టాలు మోయకుండా ఊరికే నిలబడి ఉంది. మా ఇంట్లో పెద్దాయనలాగే రిటైరైపోయినా కదలదు.

పోయిన సంక్రాంతికి ఇద్దరం పిల్లలతో ఊరెళ్ళాం. నాన్నగారికి ఎనభై నాలుగు. తమ్ముడు బెంగళూరు నుంచి కారులో వచ్చాడు. భోజనాల దగ్గర వాడు ఫోన్ తీసి పాత వంతెన వివరాలు ఏదో పేపర్లో వచ్చాయని గట్టిగా చదివాడు. "ఒక్కొక్కటి 45 మీటర్ల పైచిలుకు, మొత్తం యాభై ఆరు ఖానాలు." చదివి ఫోన్ ఆయన కంచం పక్కన పెట్టాడు.

నాన్నగారు కళ్ళజోడు పెట్టుకుని చదివారు. మళ్ళీ చదివారు. పెరుగన్నం కలుపుకున్నారు. తిన్నారు. చెయ్యి కడుక్కుని వచ్చి, "గట్టు మీద చెట్లు అడ్డం. ఆ చివర రెండూ కనపడి ఉండవు" అన్నారు.

"అంటే తప్పే కదండీ?" అంది అమ్మ, నలభై ఏళ్ళుగా ఎదురుచూసిన మాట.

"కనపడినంతవరకు కరెక్టే" అన్నారాయన. సాయంత్రం నాలుగయ్యేసరికి చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డారు.

కోటగుమ్మం దగ్గర కారు పెట్టడానికి చోటు లేక చాలాదూరం నడవాల్సొచ్చింది. ఆయన నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా నడిచారు. కొట్టు ముందు జనం. పిల్లలకి తలా ఒక గ్లాసు నేను తెస్తానంటే, "ఉండు, ముందు ఇది" అని జేబులోంచి మడతపెట్టిన నోటు తీసి ఆయనే ఇచ్చారు. ఒకటే గ్లాసు. తీసుకొచ్చి తమ్ముడి చేతిలో పెట్టారు. గీత గీయలేదు.

వాడు గ్లాసు తీసుకుని పైనున్న మీగడ వైపు చూశాడు. మీగడతో సహా గడగడా తాగాడు. తాగుతూ తాగుతూ ఆగిపోయి, గ్లాసు పైకెత్తి కళ్ళకెదురుగా పట్టుకుని చూసి, ఇంకో చిన్న గుక్క తాగి, మళ్ళీ చూసుకుని, నా వైపు చాపాడు.

"గీత కిందది నీది" అన్నాడు.